వరండా గోడ మీద ఒక మోల్: ప్రాజెక్టు డైరీ

జూలై

సైన్స్ ల్యాబ్ బయట వరండా గోడ ఖాళీగా ఉంది. ఈ ఏడాది మా సైన్స్ క్లబ్ పని ఆ గోడ మీదే. మోల్‌ని రసాయన శాస్త్రంలో ఒక లెక్కగా కాకుండా, పెద్ద సంఖ్యల్ని కొలిచే కొలతగా అక్కడ చూపించాలని అనుకున్నాం.

మా పిల్లలు ఒక మోల్ అంటే 6.022 × 10²³ అని గడగడా అప్పజెప్తారు. గ్రాముల్ని మోలార్ ద్రవ్యరాశితో భాగించి మార్కులూ తెచ్చుకుంటారు. కానీ మన దేశ జనాభా ఎన్ని మోళ్ళు అని అడిగితే క్లాసులో ఒక్క చెయ్యి లేవలేదు. "మనుషుల్ని కూడా మోళ్ళలో లెక్కపెట్టొచ్చా మేడం?" అంది ఒకమ్మాయి. ఎందుకు లెక్కపెట్టకూడదు? మోల్ అంటే ఇన్ని అని చెప్పే సంఖ్య. దేన్ని లెక్కపెడుతున్నామో పక్కన చెప్పాలి, అంతే. 140 కోట్ల మందిని ఆ సంఖ్యతో భాగిస్తే 2.3 ఫెమ్టోమోళ్ళు వచ్చింది. ఫెమ్టో అంటే ఒకటిని పది కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క అని చెప్పాక గానీ ఆ జవాబు వాళ్ళకి మింగుడుపడలేదు. దేశం మొత్తం కలిస్తే ఇంతేనా అన్నారు. ఆ ఆశ్చర్యం ఒక్క పూటతో చల్లారకుండా గోడకి ఎక్కాలి.

ఒక షరతు పెట్టుకున్నాం. గోడ మీదికి వచ్చేవి విడివిడి వస్తువులే: గింజలు, చెట్లు, కణాలు, మనుషులు. దూరాలు, కాలాలు వద్దు. మా లెక్కల మాస్టారు భూమికీ సూర్యుడికీ మధ్య 15 కోట్ల కిలోమీటర్లు కూడా పెడదామన్నారు. మైళ్ళలో చెబితే అదే దూరం 9.3 కోట్లు అవుతుంది కదా మాస్టారూ అన్నాను. కొలత మారిస్తే సంఖ్య మారిపోతుంది. చీమల్ని ఎవరు లెక్కపెట్టినా చీమలు అన్నే. ఆయన ఒప్పుకున్నారు.

బియ్యంతో మొదలు

మధ్యాహ్న భోజనం బియ్యంలోంచి ఒక గ్లాసు తెచ్చుకున్నాం. నూకలు ఏరేసి, నిండు గింజల్ని వంద చొప్పున పది కుప్పలు పోశారు పిల్లలు. నగల కొట్లో వాడేలాంటి చిన్న డిజిటల్ తూకం మీద ఒక్కో కుప్ప పెడితే 1.47, 1.52, 1.50, 1.49, 1.54 గ్రాములు ఇలా వచ్చాయి. మొత్తం వెయ్యి గింజలు 15 గ్రాములు. అంటే గింజ సగటున 15 మిల్లీగ్రాములు.

తర్వాత ఒక జట్టుకి లెక్కపెట్టకుండా 300 గింజలు ఇవ్వమని చెప్పాను. వాళ్ళు 4.50 గ్రాములు తూచి ఇచ్చారు. రెండో జట్టు కూర్చుని లెక్కపెడితే 298. ఇక్కడే మోల్ పాఠం సగం అయిపోయిందని నా నమ్మకం. లెక్క ఒకసారి పెట్టాలి, ఆ తర్వాత తూకమే లెక్క. 18 గ్రాముల నీళ్ళు, 58.4 గ్రాముల ఉప్పు, 342 గ్రాముల పంచదార ఒక్కో మోల్ అని పుస్తకంలో ఉన్నవన్నీ ఈ 4.50 గ్రాములకి అన్నదమ్ములే.

ఇప్పుడు చిన్న మోళ్ళు తయారుచేశాం. ఒక జెప్టోమోల్ అంటే 602 వస్తువులు. బియ్యమైతే 9 గ్రాములు, చిన్న గాజుసీసా అడుగున సరిపోయింది. మా బడిలో పిల్లలు ఆరొందల పైచిలుకు. కాబట్టి మా బడి ఒక జెప్టోమోల్! ఈ మాట ఎంత పాకిందంటే, మర్నాటికి ఆరో తరగతి పిల్లలు కూడా అంటున్నారు. అట్టోమోల్ దానికి వెయ్యి రెట్లు, ఆరు లక్షల రెండు వేల గింజలు, తూస్తే 9 కిలోలు. ఒక సంచిలో పోసి మూతి కుట్టి '1 అట్టోమోల్ బియ్యం' అని రాసి బల్ల మీద పెట్టాం. పిల్లలందరూ వచ్చిన రోజు మనిషికి 150 గ్రాముల చొప్పున వంటకి వెళ్ళేది 90 కిలోలు, అంటే పది అట్టోమోళ్ళు.

ఆ పైన సంచులు చాలవు, కాగితం మీదే వెళ్ళాలి. మన దేశం ఏడాదికి పండించే బియ్యం 13 కోట్ల టన్నుల పైమాటే. మా గింజ తూకంతో లెక్కేస్తే సుమారు 15 నానోమోళ్ళు (నానో అంటే వంద కోట్లలో ఒక వంతు). ప్రపంచమంతా పండించే 52 కోట్ల టన్నులు తీసుకున్నా 58 నానోమోళ్ళకి మించదు. ఒక పూర్తి మోల్ బియ్యం కావాలంటే ఇదే లెక్కన ప్రపంచమంతా కోటీ డెబ్బై లక్షల ఏళ్ళు పండించి, ఒక్క గింజ తినకుండా దాచాలి. ఈ సంఖ్య బోర్డు మీద రాశాక కాసేపు పాఠం ముందుకి జరపలేదు. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే మళ్ళీ భాగహారం చేసి చూసుకున్నారు.

ఎవరు లెక్కపెట్టారు?

ఈ ప్రాజెక్టులో వచ్చిన ప్రశ్నలన్నిటిలో మంచిది తొమ్మిదో తరగతి కుర్రాడు అడిగింది. "బియ్యంలో మొదట వంద గింజలు మనం లెక్కపెట్టాం కదా మేడం. మరి పరమాణువుల్లో ఆ మొదటి కుప్ప ఎవరు లెక్కపెట్టారు?"

దీనికి పేర్లు చెప్పి ఊరుకోవచ్చు. 1811లో అవగాడ్రో చెప్పింది, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు సమానంగా ఉంటాయని మాత్రమే. ఎన్ని ఉంటాయో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. 1865లో లోష్మిట్ గాలి అణువుల పరిమాణాన్ని అంచనా కట్టాడు, దాంతో లెక్కకి దారి పడింది. 1908 ప్రాంతంలో ఫ్రాన్సులో పెరాఁ ఒక చెట్టు బంక రేణువుల్ని నీళ్ళలో కలిపి, ఏ ఎత్తులో ఎన్ని తేలుతున్నాయో మైక్రోస్కోపులో చూసి లెక్కపెట్టాడు. ఈ సంఖ్యకి అవగాడ్రో పేరు పెట్టిందీ ఆయనే. కానీ ఆ కుర్రాడికి కావాల్సింది చరిత్ర కాదు, తను చెయ్యగల లెక్క. అది రాగితో అవుతుంది.

ఎలక్ట్రికల్ షాపు నుంచి రాగి రేకు ముక్కలు రెండు, ఎరువుల కొట్టు నుంచి మైలతుత్తం తెచ్చాం. ద్రావణంలో కొంచెం బ్యాటరీ ఆసిడ్ నేనే కలిపాను, పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు. ఆరు వోల్టుల బ్యాటరీ, రియోస్టాట్, అమ్మీటరు ల్యాబులోవే. రేకుల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, కడిగి, ఆరబెట్టి, తూచి, బీకరులో ఎదురెదురుగా దించాం. కరెంటు 0.4 ఆంపియర్లు, సమయం 90 నిమిషాలు. ఒకమ్మాయి నిమిషానికొకసారి రీడింగు రాసుకుంది, ఇంకొకరు ముల్లు కదిలినప్పుడల్లా రియోస్టాట్ సర్దారు. ప్రయోగమంతా ఓపిక మీదే నడుస్తుంది. కరెంటు ఎక్కువ పెడితే పని తొందరగా అవుతుంది గానీ, రాగి పొడిపొడిగా పేరుకుని రాలిపోతుంది. నెమ్మదిగా పోనిస్తేనే రేకుకి అతుక్కుంటుంది.

కాథోడ్, అంటే రాగి వచ్చి పట్టే రేకు, బయటికి తీసినప్పుడు దాని రంగు చూడాలి. పాత రేకు గోధుమ రంగులో ఉంటే, కొత్తగా పట్టిన పొర లేత గులాబీ రంగులో, వెల్వెట్ గుడ్డలా ఉంది. చేత్తో తాకితే వేలికి అంటుకుంటుంది. అందుకే గుడ్డతో తుడవనివ్వకుండా, డిస్టిల్డ్ వాటర్‌లో ఒకసారి ముంచి తీసి ఫ్యాను కింద ఆరబెట్టాం. తూస్తే 0.70 గ్రాములు పెరిగింది. రాగి కరిగిపోయే రెండో రేకు, ఆనోడ్, 0.72 గ్రాములు తగ్గింది.

ఇక లెక్క. 0.4 ఆంపియర్లు 5,400 సెకన్లు అంటే 2,160 కూలుంబులు. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం 1.602 × 10⁻¹⁹ కూలుంబులు. దీన్ని మిలికన్ నూనె బిందువులతో కొలిచి చూపించాడు, అక్కడ మాత్రం ఆయన కష్టాన్ని అరువు తీసుకున్నాం. భాగిస్తే మా తీగలోంచి పోయిన ఎలక్ట్రాన్లు 1.35 × 10²². ఒక్కో రాగి అయాన్ పరమాణువుగా మారాలంటే రెండు ఎలక్ట్రాన్లు కావాలి. కాబట్టి రేకుకి పట్టిన పరమాణువులు 6.74 × 10²¹. 0.70 గ్రాముల్లో అన్ని ఉంటే 63.55 గ్రాముల్లో, అంటే ఒక మోల్ రాగిలో, ఎన్ని? 6.12 × 10²³. ఆనోడ్ లెక్కతో చేస్తే 5.95 × 10²³. అసలు విలువ రెండింటి మధ్యలో ఉంది.

మా తూకం 0.01 గ్రాము కంటే చిన్న తేడా చెప్పలేదు, కాబట్టి వందకి ఒకటి రెండు అటూ ఇటూ రావడం సహజం. ఆ కుర్రాడు కాలిక్యులేటర్ పక్కన పెట్టి, "అయితే మొదటి కుప్ప మనమే లెక్కపెట్టాం" అన్నాడు. అవును, అమ్మీటరూ గడియారమూ పట్టుకుని వాళ్ళే లెక్కపెట్టారు.

ఆగస్టు, ఉప్పు రవ్వ

మైక్రోమోల్‌ని (మోల్‌లో పది లక్షల్లో ఒక వంతు) కంటికి చూపించడానికి ఏం దొరుకుతుందా అని వెతికితే అది వంటింట్లోనే ఉంది. ప్యాకెట్ ఉప్పు రవ్వల్ని నల్లకాగితం మీద చల్లి భూతద్దంలో చూస్తే చాలావరకు చిన్న పెట్టెల్లా, ఘనాకారంలో కనిపిస్తాయి. ఒకే సైజువి పది ఏరి స్కేలు అంచున సూదితో వరసగా జరిపితే 3 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఒక్కో భుజం 0.3 మిల్లీమీటర్లు. ఘనపరిమాణాన్ని ఉప్పు సాంద్రత 2.16తో గుణిస్తే 0.000058 గ్రాములు, దాన్ని 58.4తో భాగిస్తే సరిగ్గా ఒక మైక్రోమోల్. కావాలని చేసినట్టుగా కుదిరింది!

ఆ రవ్వలో సోడియం క్లోరైడ్ జతలు 6 × 10¹⁷. చదరంగం గళ్ళలో రెట్టింపు చేసుకుంటూ పోసిన గింజల కథ మా పిల్లలందరికీ తెలుసు. 64 గళ్ళు నిండేసరికి 1.84 × 10¹⁹ గింజలు, ప్రపంచానికి ఇప్పటి లెక్కన 530 ఏళ్ళ పంట. రాజు గాదెలు చాలలేదని కథలో చెప్తారు. అదే సంఖ్య మోళ్ళలో 31 మైక్రోమోళ్ళు. అంటే నల్లకాగితం మీద 31 ఉప్పు రవ్వలు పెడితే, రాజు ఇవ్వలేకపోయినన్ని జతలు అక్కడే ఉన్నాయి. ఆ 31 రవ్వల్నీ పారదర్శకమైన టేపుతో అట్టకి అంటించి, పక్కన చదరంగం బల్ల పెట్టాం. బల్ల మీద ఉన్నవాటిలో నాకు బాగా నచ్చింది ఇదే.

గోడకి 24 గళ్ళు

గోడ మీద ఒక్కో గడి ముందుదానికి పది రెట్లు ఉండాలి. 10⁰ నుంచి 10²³ దాకా 24 గళ్ళు. వాటికి ఏం పేర్లు రాయాలన్నప్పుడు మాస్టారు ఒక పాత జాబితా తెచ్చారు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఇచ్చిన స్థానాల పేర్లు అవి. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఆ గ్రంథాన్నే. ఏక, దశ, శత, సహస్ర, దశసహస్ర, లక్ష, దశలక్ష, కోటి, దశకోటి, శతకోటి, అర్బుద, న్యర్బుద, ఖర్వ, మహాఖర్వ, పద్మ, మహాపద్మ, క్షోణి, మహాక్షోణి, శంఖ, మహాశంఖ, క్షితి, మహాక్షితి, క్షోభ, మహాక్షోభ. లెక్కపెట్టుకుంటే సరిగ్గా 24 పేర్లు. చివరిదైన మహాక్షోభ అంటే 10²³. మా గోడకి ఒక్క పేరు ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు.

అక్కడితో ఆగలేదు. 2019 మే 20 నుంచి మోల్ అంటే సరిగ్గా 6.02214076 × 10²³ అని నిర్వచనం. అంతకుముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అనేవారు. కాబట్టి చివరి అంకెలు ఎప్పటికప్పుడు కొలిచి సరిచూసుకోవాల్సినవి, గోడ మీద శాశ్వతంగా రాయడానికి ఉండేది కాదు. స్వచ్ఛమైన సిలికాన్-28తో సుమారు ఒక కిలో గోళం చేసి, స్ఫటికంలో పరమాణువుల మధ్య దూరాన్ని ఎక్స్-కిరణాలతో కొలిచి, గోళంలో ఎన్ని ఉన్నాయో తేల్చుకున్నాక సంఖ్యని ఖాయం చేశారు. ఇప్పుడు 24 అంకెలూ తెలుసు, చివరి సున్నాలు నిజంగానే సున్నాలు. గడికొక అంకె చొప్పున రాస్తే 602214076000000000000000 గోడ చివరిదాకా సరిపోతుంది.

మాస్టారు దాన్ని పాత పద్ధతిలో గట్టిగా చదివారు: ఆరు మహాక్షోభలు, రెండు మహాక్షితులు, రెండు క్షితులు, ఒక మహాశంఖం, నాలుగు శంఖాలు, ఏడు క్షోణులు, ఆరు మహాపద్మాలు. మన వాడుకలో చెప్పాలంటే 602 కోటి కోటి కోట్ల పైన. పిల్లలకి మాస్టారి చదువే నచ్చింది, అసెంబ్లీలో చదివిస్తామంటున్నారు.

సున్నం వేసిన గోడ కాబట్టి ముందు గీకించి, ప్రైమర్ కొట్టించి, ఆపైన ఎనామెల్. గడి వెడల్పు 14 అంగుళాలు పెడితే మొత్తం 28 అడుగులు వచ్చింది. పై వరసలో పేరు, మధ్యలో అంకె పెద్దగా, కింద ఆ స్థానానికి చెందిన ఒక వస్తువు. మూడు గళ్ళకొకసారి మేకు గుర్తు పెట్టి జెప్టో, అట్టో, ఫెమ్టో, పికో, నానో, మైక్రో, మిల్లీ అని రాయించాం.

సెప్టెంబరు, గళ్ళు నింపడం

కింది గళ్ళు ఒక్క మధ్యాహ్నంలో నిండాయి. లక్ష దగ్గర ఒక మనిషి తలవెంట్రుకలు, కోటి దగ్గర తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ జనాభాలు, శతకోటి దగ్గర 800 కోట్ల ప్రపంచ జనాభా, 13 ఫెమ్టోమోళ్ళు. అర్బుదలో మెదడులోని 8,600 కోట్ల నాడీకణాలు. న్యర్బుదలో మన పాలపుంత నక్షత్రాలు, పదివేల కోట్ల నుంచి నలభై వేల కోట్ల దాకా. ఖర్వలో భూమ్మీది చెట్లు, సుమారు 3 లక్షల కోట్లు. మహాఖర్వలో ఒక మనిషి ఒంట్లోని కణాలు, 30 లక్షల కోట్లు, అంటే 50 పికోమోళ్ళు. మహాపద్మలో మన దేశపు ఏడాది బియ్యం. క్షోణిలో ప్రపంచపు బియ్యం, దాని పక్కనే చీమలు. 2022లో వచ్చిన అంచనా ప్రకారం భూమ్మీద చీమలు 200 కోటి కోట్లు, 33 నానోమోళ్ళు. ఉప్పు రవ్వలో ముప్పయ్యోవంతు.

క్షోణి దాటాక పని ఆగిపోయింది. చేత్తో పట్టుకోగలిగేవి, కంటికి విడివిడిగా కనిపించేవి ఏవి తెచ్చినా కిందే ఉండిపోతున్నాయి. ఒకరు విశ్వంలోని నక్షత్రాలన్నీ అన్నారు. కానీ ఆ అంచనాల్లోనే వంద రెట్ల తేడా ఉంది, ఏ గడిలో పెట్టాలి? వదిలేశాం. ఇసుక రేణువులదీ అదే గతి.

ఆ పైన గళ్ళు నింపింది పరమాణువులూ ఎలక్ట్రాన్లే. మహాక్షోణిలో ఉప్పు రవ్వ. శంఖలో మా 0.4 ఆంపియర్ల తీగలోంచి ఒక్క సెకనులో పోయిన ఎలక్ట్రాన్లు, 2.5 × 10¹⁸. మహాశంఖలో ఒక ఘన సెంటీమీటరు గాలి, పక్కన బ్రాకెట్లో చదరంగం గింజలు. క్షితికి ఏదీ దొరక్కపోతే ఒకమ్మాయి "మా అమ్మ ముక్కుపుడక ఎంత ఉంటుంది మేడం?" అంది. 22 క్యారెట్ల 0.2 గ్రాములు అనుకుంటే 5.6 × 10²⁰ బంగారు పరమాణువులు. సరిగ్గా ఆ గడిలోదే! మహాక్షితిలో ఒక నీటిచుక్క, మా రాగి రేకు. క్షోభలో ఆ 90 నిమిషాల ఎలక్ట్రాన్లు. మహాక్షోభలో 18 మిల్లీలీటర్ల నీళ్ళు.

గోడ తనంతట తనే రెండు ముక్కలైంది. క్షోణికీ మహాక్షోణికీ మధ్య పిల్లలు ఎర్రగీత గీయమన్నారు, గీయించాం. గీతకి ఎడమవైపు, అంటే పెద్ద స్థానాల వైపు, కంటికి కనిపించనివి, కుడివైపు ఎక్కువగా మనం చూడగలిగేవి. ప్రపంచంలో ఉన్న చీమలన్నీ గీతకి ఒకవైపు, ఒక్క నీటిచుక్క దానికి అవతల. పరమాణువు ఎంత చిన్నదో చెప్పడానికి ఇన్నేళ్ళలో నాకు ఇంతకంటే మంచి పాఠం దొరకలేదు. మోల్ పెద్ద సంఖ్య కావడానికి కారణం కూడా ఇదే. పరమాణువు అంత చిన్నది కాబట్టే, గుప్పెట్లోకి వచ్చేంత పదార్థాన్ని లెక్కపెట్టాలంటే అంత పెద్ద కొలత కావాల్సి వచ్చింది.

ఇంకా మిగిలింది

పదో తరగతి అమ్మాయి ఒకతి బాక్టీరియా సంగతి అడిగింది. భూమ్మీద, నేల లోపల, సముద్రం అడుగున ఉన్నవన్నీ కలిపితే 10³⁰ దరిదాపుల్లో ఉంటాయని అంచనా. అంటే 16, 17 లక్షల మోళ్ళు. పిల్లలకి ఇప్పటిదాకా మోల్ దాటిన ప్రాణి ఒక్కటీ ఎదురవలేదు, ఇది లక్షల మోళ్ళు దాటేసింది. అయినా ఎర్రగీత మాట నిలిచింది, బాక్టీరియా కూడా కంటికి కనిపించేది కాదు. మహాక్షోభ తర్వాత మా దగ్గర పేర్లు లేవు, గోడా లేదు. మూల తిరిగి పక్కగోడ మీద ఏడో గడి దగ్గర దాన్ని రాయాలి. హెడ్మాస్టరు గారు ఆ గోడ కూడా వాడుకోమన్నారు.

రాగి ప్రయోగం 0.001 గ్రాము చూపించే తూకంతో మళ్ళీ చెయ్యాలి. దగ్గర్లోని జూనియర్ కాలేజీలో ఉందట, అడుగుతాం. చెయ్యాలనుకునే టీచర్లకి ఒక మాట: బియ్యం మీ బడి బియ్యమే వాడండి, గింజ బరువు మీరే తూచుకోండి. రకాన్ని బట్టి గింజ మారుతుంది, మా 15 మిల్లీగ్రాములు మీకు పనికిరావు. రేకులకి మందం రెండు మిల్లీమీటర్లుంటే వంగకుండా నిలబడతాయి. మోల్ డే అయిన అక్టోబరు 23 నాటికి ఎనామెల్ ఆరాలి. వానలు తగ్గకపోతే పెయింటర్ రెండో కోటు వారం ఆపుతానన్నాడు.